అరకిలో నిశ్శబ్దం: మీ వింత కథల పుస్తకం గురించి

మీ ప్రశ్న చదవనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. మీరు పగలు ఒక ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ళు చూస్తారు, రాత్రి అరపేజీ, పేజీ కథలు రాస్తారు. ఇప్పటికి 43 అయ్యాయి. ఒకదాంట్లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్‌కి రెక్కలొస్తాయి. ఒకదాంట్లో ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలు హాజరు పట్టీలో సంతకాలు పెడతాయి. ఇంకోదాంట్లో ఒకాయన తన నీడను తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. చదివిన స్నేహితులంతా "బాగున్నాయి గానీ అర్థం కాలేదు" అంటున్నారు. అర్థమయ్యేలా మార్చాలా, ఇలాగే పుస్తకం వేసేయాలా అని అడిగారు. మచ్చుకు పన్నెండు కథలు పెట్టారు. పన్నెండూ రెండేసి సార్లు చదివాను.

నేను ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో పాతికేళ్ళ పైన కథలు చూసినవాణ్ణి. రిటైరయ్యాక హైదరాబాద్ నల్లకుంటలో కూర్చుని మిత్రుల సంపుటాలు దిద్దిపెడుతున్నాను. కాబట్టి కాస్త చాదస్తంగా ఉంటుంది, ఓపిక పట్టండి.

పుస్తకం వేయొచ్చు. అయితే ఈ 43తో కాదు, ఈ ఏడాది అసలే కాదు.

"అర్థం కాలేదు" అన్నమాటని పట్టించుకోకండి. బేతాళుడు శవంలోంచి కథ చెప్తే చందమామలో చదువుకుని పెరిగినవాళ్ళం మనం. శవం మాట్లాడ్డం అర్థం కాలేదని ఎవరూ ఉత్తరం రాయలేదు. మీ స్నేహితులకు పిల్లర్‌కి రెక్కలు రావడం బాగానే అర్థమైంది. ఆ తర్వాత అది పాట పాడటం, పాట విని మేఘాలు నోట్లు కురవడం, ఆ నోట్ల మీద గాంధీగారు కన్నుకొట్టడం, ఇవన్నీ ఒకే పేజీలో జరిగేసరికి వాళ్ళు చేతులెత్తేశారు. ఏదైనా జరగొచ్చని తెలిశాక ఏం జరిగినా ఎవరికీ పట్టదు. కథకి ఒక్క అబద్ధం చాలు. మిగతాదంతా ఆస్తిపన్ను రశీదంత నిజంగా ఉండాలి.

గొగోల్ రాసిన ముక్కు కథ మీకు తెలిసే ఉంటుంది, 1836లో అచ్చయింది. ఒక ఉద్యోగి పొద్దున్నే లేచి చూసుకుంటే మొహం మీద ముక్కు ఉండదు. ఆయనగారి ముక్కు ఊళ్ళో బండెక్కి తిరుగుతుంటుంది. అక్కడితో వింత అయిపోయింది. నవ్వంతా ఆ తర్వాతే ఉంది. ముక్కు వేసుకున్న యూనిఫాం సొంతదారు హోదా కంటే పెద్దది. దాంతో ఆయనకు తన ముక్కునే పలకరించడానికి జంకు. ప్రకటన ఇద్దామని పత్రికాఫీసుకెళ్తే, ఇలాంటివి వేస్తే పత్రిక పరువు పోతుందంటాడు గుమాస్తా. ముక్కు ఎలా పోయిందో మాత్రం చివరిదాకా తేలదు.

మన దగ్గరికొస్తే కె.ఎన్.వై. పతంజలిగారి నవల 'గోపాత్రుడు' చూడండి. భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉందని అలమండలో ఒకాయన అంటాడు. అక్కణ్ణించి ఊరు రెండుగా చీలుతుంది. తర్వాతి పుస్తకంలో ఆ తగువు కోర్టు దాకా పోతుంది. ఎవరు ఏ వైపున్నారన్నది భూగోళశాస్త్రం తేల్చదు, పాత కక్షలు తేలుస్తాయి. ఆ ఒక్క మాట తప్ప అందులో ప్రతి మనిషీ మనకు తెలిసినవాడే.

ఇప్పుడు మీ పిల్లర్ కథకి వద్దాం. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన 2009లో తెరిచారు. అప్పట్నుంచి ఆ దారిలో ఊళ్ళ పేర్లు వెనకబడి పిల్లర్ నంబర్లు ముందుకొచ్చాయి. ఆస్పత్రి ఎక్కడంటే ఫలానా పిల్లర్ దగ్గర, ఫంక్షన్ హాల్ ఎక్కడంటే ఫలానా పిల్లర్ ఎదురుగా. పెళ్ళి శుభలేఖ మీద వినాయకుడి కింద పిల్లర్ నంబరు వేస్తున్న ఊరు మనది. ఇంత సరుకు చేతిలో ఉంచుకుని దానికి రెక్కలు తగిలిస్తారా? రెక్కలు తీసేయండి. ఒక రాత్రి 118 కనబడకుండా పోయింది, అంతే. వంతెన మాత్రం చెక్కుచెదరకుండా నిలబడే ఉంది.

ఇక్కడ మీ ఉద్యోగం అక్కరకొస్తుంది. 118 లేకుండా వంతెన నిలబడిందంటే ఆ పిల్లర్ అనవసరపు ఖర్చేనని ఆడిట్‌వాళ్ళు అభ్యంతరం రాస్తారు. అనవసరంగా కట్టినందుకు సొమ్ము ఎవరి దగ్గర వసూలు చేయాలి? 117, 119 మాత్రం అవసరమని ఏమిటి రుజువు? పాపం ఇంజనీరు అర్ధరాత్రి టార్చ్ పట్టుకుని 118ని వెతకడానికి బయల్దేరతాడు. దొరికితే బతిమాలి తెచ్చి నిలబెట్టాలని. మీ పన్నెండు కథల్లో ఇలాంటిది రాయగల మనిషి కనిపిస్తున్నాడు, అందుకే ఇంత చెప్తున్నాను.

మీకు దొరికిన అసలు గని మీ ఆఫీసు తెలుగు. "విషయం: పిల్లర్ నంబరు 118 అదృశ్యం – వివరణ కోరుట – గురించి." ఆ రెండు గీతలు, ఆ "గురించి" బయటివాడు ఎంత ఊహించినా రాయలేడు. "సూచిక: 1. స్థానికుల అర్జీ. 2. ఫోనులో మౌఖిక ఆదేశం." ఫోనులో అన్నమాటని సూచికగా, అంటే కాగితపు ఆధారంగా చూపించడం కంటే అధివాస్తవికత ఏముంటుంది! విగ్రహాల కథలో ఈ భాష రెండు పేరాలు నడిచింది. అక్కడ నేను గట్టిగా నవ్వాను, వంటింట్లోంచి మా ఆవిడ ఏమైందని అడిగింది. మూడో పేరాలో మీరు కవిత్వంలోకి దిగారు. "నిశీథపు నీలి పెదవులపై" అని మొదలవుతుంది చూడండి, అది కొట్టేయండి. వింతని చదునైన గొంతుతో చెప్పాలి. రేషన్ షాపువాడు "ఈ నెల పంచదార రాలేదు" అన్నట్టు చెప్పాలి.

ఈ గొంతుని దాని కొసదాకా తీసుకెళ్ళినవాడు లెనిన్‌గ్రాడ్‌లో ఉండేవాడు, దానీల్ ఖార్మ్స్. ఆయన కథొకటి అరపేజీ కూడా ఉండదు. ఒక ముసలమ్మ కుతూహలం ఎక్కువై కిటికీలోంచి పడిపోతుంది. చూద్దామని తొంగిన ఇంకో ముసలమ్మా పడుతుంది. ఆరో ఆవిడ పడేసరికి, చూసీ చూసీ విసుగొచ్చిన కథకుడు బజారుకెళ్ళిపోతాడు. 1930లలో, స్టాలిన్ అరెస్టులతో మనుషులు ఒక్కొక్కరే మాయమవుతున్న ఊళ్ళో రాసిన కథ అది. ఆ సంగతి కథలో ఎక్కడా ఉండదు. చివర వివరణ రాస్తే ఏం మిగులుతుంది చెప్పండి? ఆయన పిల్లల పత్రికలకు రాసి బతికాడు. పెద్దల కోసం రాసినవాటిలో బతికుండగా అచ్చయినవి రెండు పద్యాలే. 1942లో, ఊరు ముట్టడిలో ఉండగా, జైలు ఆస్పత్రిలో పోయాడు. కాగితాలన్నీ ఒక స్నేహితుడు సూట్‌కేసులో పెట్టి దాచబట్టి మిగిలాయి. పుస్తకం ఈ డిసెంబరుకే రావాలని తొందరపడుతున్నారు కాబట్టి ఈ సంగతి చెప్పాను.

మన ఊళ్ళో వింత రాయడానికి ఇంకో ఇబ్బంది ఉంది. ఊరే ముందు రాసేస్తుంది. 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబెట్టడానికి బుద్ధుణ్ణి తీసుకెళ్తుంటే బార్జి ఒరిగి విగ్రహం నీళ్ళలో పడిపోయింది. మనుషులూ పోయారు. 1992 డిసెంబరులో గానీ పైకి తీసి నిలబెట్టలేదు. రెండున్నరేళ్ళకు పైగా బుద్ధుడు హుస్సేన్‌సాగర్ అడుగున పడుకుని ఉండగా మేమంతా ఆ కట్ట మీదుగా ఆఫీసులకెళ్ళాం, మొక్కజొన్న పొత్తులు తిన్నాం. మీ పదో కథలో బుద్ధుడు లేచి నడుచుకుంటూ అసెంబ్లీకి వెళ్ళాడు. ఎందుకో అది చప్పగా ఉంది. జరిగిందే అంతకంటే పెద్దది. నన్నడిగితే ఆ కథ వదిలేయండి. లేదంటే ఆ రెండున్నరేళ్ళలో రోజూ కట్ట మీద పొత్తులు కాల్చిన మనిషి వైపు నుంచి రాయండి.

ఇక మీ కథల్లో మేలిమి, నీడ తాకట్టు. నీడను అమ్ముకున్న మనిషి కథ జర్మన్ భాషలో 1814లోనే వచ్చింది, కాబట్టి ఆలోచన కొత్తది కాదు. అయినా పర్లేదు. మీ తాకట్టు దుకాణదారు ఒక మాటంటాడు: "పొద్దున తెస్తే ఇంతే వస్తుంది, సాయంత్రం తెండి, పొడుగుంటుంది, ఎక్కువిస్తాను." ఆ వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. అసాధ్యమైనదాన్ని తూకం వేసి, రేటు కట్టి, రశీదు రాసిచ్చేశాడు ఆయన. ఇదే పద్ధతి.

అయితే ముగింపు తేలిపోయింది. "మనిషి నీడ కోల్పోతే ఆత్మ కోల్పోయినట్టే" అన్నారు. అది మీరు చెప్పక్కర్లేదు. దానికి బదులు ఒకటి చూడండి. మన దేశంలో కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ఊళ్ళలో ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మన హైదరాబాదుకు అది మే రెండో వారం దగ్గర్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి. ఆ మిట్టమధ్యాహ్నం కాసేపు నిలువుగా నిలబెట్టిన కర్రకు పక్కన నీడే పడదు. మీ కథానాయకుడు నెలల తరబడి ఎండలోకి రాకుండా, చెట్ల కింద, గోడల పక్కన నక్కి తిరిగినవాడు. ఆ ఒక్క మధ్యాహ్నం కోఠి నడిరోడ్డు మీదికి వస్తాడు. చుట్టూ ఎవరికీ నీడ లేదు. అదే నిమిషంలో దుకాణంలో బీరువా తెరిచి చూసుకున్నాయన సరుకంతా ఏమైందోనని గుండెలు బాదుకుంటుంటాడు. ఎలా ముగించాలో మీ ఇష్టం. నేనైతే కథానాయకుడు గడియారం చూసుకోవడం దగ్గర ఆపేస్తాను.

ఇప్పుడు కొంచెం చేదు మాట. పన్నెండు కథల్లో అయిదింట వాచ్‌మనో, ఆటో డ్రైవరో, పనిమనిషో తెలివితక్కువవాళ్ళు. పైగా వాళ్ళు మాత్రమే తెలంగాణ యాసలో మాట్లాడతారు. సెక్షనాఫీసరు, డాక్టరు, ఆఖరికి విగ్రహాలు కూడా పుస్తకాల తెలుగు మాట్లాడతాయి. ఈ పాపం తెలుగు సినిమా ఏళ్ళ తరబడి చేసింది, విలనుకో కమెడియనుకో తప్ప ఈ భాష ఇవ్వలేదు. మీరు ఉద్దేశపూర్వకంగా చేశారని అనుకోను. మీది ఇక్కడి ఊరే అంటున్నారు, ఇంట్లో మాట్లాడే భాషే కథ రాసేటప్పుడు నవ్వులాటకు వాడేస్తున్నారు. ఒక్కసారి తిప్పి చూడండి. కమిషనరుగారి ఆలోచనలు "గిట్ల జేస్తే ఎట్లుంటది" అని నడవనీయండి. డ్రైవరు చేత గ్రాంథికంలో మెమో రాయించండి. కథకుడు రావిశాస్త్రిగారు లాయరు. కోర్టులో నోరులేనివాణ్ణి ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. ఆయన ఎగతాళంతా నల్లకోటు వేసుకున్నవాళ్ళ మీదా, మద్యనిషేధ చట్టం మీదా. వ్యంగ్యం కిందివాళ్ళ మీద పడితే అది వెక్కిరింత అవుతుంది. ఆ అయిదూ తీసేయండి, లేదా మార్చండి.

ఒకటి రెండు చోట్ల పై అధికారుల పోలికలు మరీ దగ్గరగా ఉన్నాయి, బట్టతల, కారు నంబరుతో సహా. పరువునష్టం కేసు మాట అటుంచి, మీ ఉద్యోగానికి నడవడి నియమాలుంటాయి. సాహిత్యం రాయడం వేరు, ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించడం వేరని అవి గీత గీస్తాయి. ఆ గీత ఎక్కడుందో మీ సర్వీసు రూల్స్ తెలిసిన సీనియర్ నడిగి తెలుసుకోండి. కలంపేరు పెట్టుకుంటే సరిపోతుందనుకోకండి, ఆఫీసులో మూడో రోజుకి తెలిసిపోతుంది.

సంపుటం సంగతికొస్తాను. ఇలాంటి చిట్టి వ్యంగ్యానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు గల్పిక. పత్రికలో గల్పిక ఒంటరిగా వస్తుంది, పక్కన వంటల పేజీ ఉంటుంది, చదివి నవ్వి వదిలేస్తారు. అవే నలభై పక్కపక్కన పెడితే ఎనిమిదో కథకల్లా పాఠకుడికి మీ కిటుకు తెలిసిపోతుంది. తర్వాత ప్రతి కథలోనూ "ఇందులో వింత ఏమిటి?" అని వెతుకుతాడు తప్ప చదవడు. అందుకని ఇరవై అయిదుకి మించొద్దు. అక్కడక్కడ అసలు వింతే లేని కథ ఒకటి పెట్టండి. మీ 'టీ బిల్లు' కథ అలాంటిదే, ఇరానీ హోటల్లో ముగ్గురు స్నేహితులు బిల్లు నేనంటే నేనని గొడవపడి చివరికి ముగ్గురూ కట్టకుండా వెళ్ళిపోవడం. అది రెండు వింత కథల మధ్య పడితే ఇంకా వింతగా కనబడుతుంది. అన్నిటికంటే మంచి కథ మొదట పెట్టకండి, మూడోదిగా పెట్టండి. మొదటిది చిన్నదిగా, తలుపు తీసినంత తేలిగ్గా ఉంటే చాలు.

అచ్చు లెక్కలు మీరు వివరంగా అడిగారు గానీ అది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. డెమ్మీ సైజు, పదహారు పేజీలకొక ఫారం, 96 పేజీల లోపే మీ పుస్తకం హాయిగా సర్దుకుంటుంది. అచ్చులో పేజీన్నర వచ్చే కథల్ని ఒక్కొక్కటీ కొత్త పేజీలో మొదలుపెడితే పావు పుస్తకం తెల్లకాగితమే అవుతుంది. ఒకదాని కింద ఒకటి నడిపించేయండి, లేదా కథల్ని సరిగ్గా పేజీకి కుదించండి. రెండోది మీ కథలకూ మంచిది. ఇప్పుడు డిజిటల్‌లో వంద కాపీలు కూడా వేస్తారు, కాబట్టి వెయ్యి వేసి మంచం కింద దాచుకోవద్దు. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం, ఎవరైనా దానికి డబ్బడిగితే ఇవ్వకండి.

ప్రూఫు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ఒకసారి నేను చూసిన కథలో ఒకాయన సికింద్రాబాద్ మోండా మార్కెట్లో "అరకిలో నిశ్శబ్దం కొన్నాడు". కథంతా ఆ కొన్న నిశ్శబ్దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోవాలన్నదే. ప్రూఫ్‌రీడర్ మంచి మనిషి, శ్రద్ధగలవాడు. తప్పు పడిందనుకుని "నిశ్శబ్దంగా అరకిలో కొన్నాడు" అని దిద్దాడు. అలాగే అచ్చయిపోయింది. రచయిత వారం రోజులు ఫోనెత్తలేదు. పాఠకుల నుంచి ఒక్కటంటే ఒక్క కార్డు వచ్చింది, వరంగల్ నుంచి. "అరకిలో ఏమిటో రాయలేదు, గమనించగలరు" అని. ఆ కార్డు చాలా రోజులు నా టేబుల్ అద్దం కింద ఉండేది. అప్పట్నుంచి ఇలాంటి కథలు అచ్చుకి పంపేటప్పుడు పైన ఎర్ర ఇంకుతో రాస్తాను: "తప్పులన్నీ కావాలని చేసినవి. దిద్దవద్దు." మీరు 'అను' అనే పాతరకం తెలుగు ఫాంటుల్లో టైపు చేయించి యూనికోడ్‌లోకి మారుస్తున్నామన్నారు. ఆ మార్పిడిలో ఒత్తులూ, గుణింతాలూ ఊడిపోతాయి. మామూలు కథలో పోయిన అక్షరాన్ని పాఠకుడు ఊహించుకుంటాడు, మీ కథలో అదీ మీ చమత్కారమే అనుకుంటాడు. అక్షరం అక్షరం చూసుకోండి.

అట్ట మీద రెక్కల పిల్లర్ బొమ్మ వేయిస్తానన్నారు. వద్దు. 1915లో కాఫ్కా రాసిన, మనిషి పురుగైపోయే కథ పుస్తకంగా వస్తుంటే ఆయన ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు, పురుగుని మాత్రం గీయించకండి, దూరం నుంచి కూడా చూపించకండి అని. అట్ట మీద చివరికి వచ్చింది మొహం కప్పుకున్న మనిషి, వెనక తెరిచిన తలుపు. అసాధ్యాన్ని బొమ్మ గీస్తే అది బొమ్మలా కుదురుకుంటుంది, చదివేవాడి తలలో ఇక తిరగదు. మీ అట్టకి ఖాళీ హాజరు పట్టీ పేజీ ఒకటి చాలు.

ముందుమాటలు నలుగురి చేత రాయిస్తున్నారట, అందులో నా పేరూ ఉంది. నలుగురూ కలిసి కథల అర్థాలు చెప్పేస్తారు, ఇక కథలు ఎవరికి కావాలి? ఒక్కటీ వద్దు. నన్ను కూడా తీసేయండి, నాకు బాధేం లేదు.

పుస్తకం వేసేలోపు ఒక పని చేయండి. మన ఊళ్ళో ఉర్దూవాళ్ళకు 'జిందా దిలానే హైదరాబాద్' ఉంది, హాస్యం రాసినవాళ్ళు వేదికెక్కి జనం ముందు గట్టిగా చదవడం వాళ్ళకు అలవాటు. 2020లో పోయిన ముజ్తబా హుస్సేన్‌గారు ఆ గాలిలోంచి వచ్చినవారే. మన తెలుగువాళ్ళం కథ అచ్చేసి, శాలువా కప్పించుకుని, చదవడం జనానికే వదిలేస్తాం. మీరు లమకాన్ లాంటి సాంస్కృతిక వేదికలోనో, ఎవరి డాబా మీదో పాతికమందిని కూర్చోబెట్టి పది కథలు పైకి చదవండి. పక్కన ఒక మనిషిని పెట్టి ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఫోన్లు తీశారో గుర్తు పెట్టించండి. "నిశీథపు నీలి పెదవులు" దగ్గర ఏం జరుగుతుందో మీరే చూస్తారు.

దిద్దిన పిల్లర్ కథా, నీడ కథా ముందు పంపండి. పిల్లర్ కథలో ఇంజనీరుకు పేరు పెట్టొద్దు, హోదా చాలు. 118 చివరికి దొరికిందా లేదా అన్నది నాకూ చెప్పకండి.